కషాయం ఎందాకా, తైలం ఎందాకా

‘ఆకులూ నూనెలే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఏముంటాయి’ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ‘ముసలమ్మ వైద్యాలు, వాటిలో ఏముంది బూడిద’ అని తీసిపారేసేవాళ్ళని చూసినా అంతే మండుతుంది. మొదటి రకం వాళ్ళు మా ఇంట్లో ఉన్నారు, రెండో రకం వాళ్ళు నేను పనిచేసే చోట ఉన్నారు, కాబట్టి పొద్దున్నుంచి రాత్రిదాకా ఏదో ఒక వైపు నుంచి తగులుతూనే ఉంటుంది. నా ఉద్యోగం మైక్రోబయాలజీ ల్యాబ్‌లో. చీము, మూత్రం, కళ్ళె లాంటి శాంపిల్ ఏదైనా వస్తే దాన్ని పెంచి, అందులో ఏ బాక్టీరియా ఉంది, అది ఏ యాంటీబయాటిక్‌కి లొంగుతుంది అని చూసి రిపోర్టు రాయడం. ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే మా పెద్దమ్మ వాయిస్ మెసేజ్: "ఏమే, చంటాడికి రొంప చేసిందట, కర్పూరం కొబ్బరి నూనెలో కాచి వాడి ఛాతీకి రాయమని మీ వదినకి చెప్పా. నువ్వెందుకు వద్దన్నావు?" ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే వాయిస్ మెసేజ్ చాలదు. అందుకే ఇది.

ముందు, వీటిలో మందు ఉందా అంటే ఉంది. కళ్ళారా చూస్తాను. ప్రాజెక్టు పని మీద వచ్చే బీఎస్సీ పిల్లలకి ఇది ఇష్టమైన టాపిక్. అగార్ ప్లేటు (బాక్టీరియాని పెంచే జెల్లీ పోసిన పళ్ళెం) మీద స్టఫిలోకాకస్ (సెగ్గడ్డల్లో చీము పట్టించేది ఎక్కువగా ఇదే) పరిచి, 6 మి.మీ. వెడల్పుండే వడపోత కాగితం బిళ్ళల్ని ఒక్కోదాన్ని ఒక్కో నూనెలో ముంచి దాని మీద పెట్టి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. పొద్దున తీసి చూస్తే ప్లేటంతా లేత మీగడ రంగు పొర, లవంగ నూనె బిళ్ళ చుట్టూ మాత్రం గుండ్రంగా, గీత గీసినట్టు ఖాళీ. అక్కడ ఒక్కటీ మొలవలేదు. వాము నూనె చుట్టూ అంతే, పచ్చి వెల్లుల్లి నూరి పిండిన రసం చుట్టూ అంతే. అదే వెల్లుల్లిని ఉడకబెట్టి రసం తీస్తే ఆ ఖాళీ దాదాపు ఉండదు, ఎందుకంటే వెల్లుల్లిలో పనిచేసే అల్లిసిన్ రెబ్బలో తయారుగా ఉండదు, నూరినప్పుడు ఒక ఎంజైము వల్ల అప్పటికప్పుడు పుడుతుంది, ఆ ఎంజైము వేడికి చెడిపోతుంది. ఇక పసుపు మరిగించిన నీళ్ళ దగ్గరికొచ్చేసరికి పిల్లల మొహాలు వాడిపోతాయి. బాక్టీరియా బిళ్ళ అంచుదాకా హాయిగా పెరిగి ఉంటుంది. పసుపులో పనిచేసే కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు మరి.

ఇక్కడే చాలామంది ఆగిపోయి ‘చూశారా, సైన్సు కూడా ఒప్పుకుంది’ అంటారు. ప్లేటు మీద చచ్చింది ఒంట్లోనూ చస్తుందని లేదు. ఆ బిళ్ళకి పట్టించింది ఏమీ కలపని అచ్చమైన నూనె, పెట్టింది నేరుగా బాక్టీరియా నెత్తిన. అదే నోట్లో వేసుకుంటే? పెద్దవాళ్ళ ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. చుక్క అంటే సుమారు 0.05 మి.లీ. ఆ చుక్క ఒక్క పిసరు కూడా పోకుండా రక్తంలో కలిసిందనుకున్నా లక్షో వంతు. నిజానికి అంత కూడా కలవదు, దారిలోనే కాలేయం చాలా భాగాన్ని విరిచేస్తుంది. పోనీ ప్లేటు మీద ఉన్నంత గాఢంగా రక్తంలో ఉండేలా తాగుదామా అంటే బాక్టీరియా కంటే ముందు మనం పోతాం. సూక్ష్మజీవి పొరకి చిల్లులు పొడిచే వస్తువు మన కణాన్ని చూసి దండం పెట్టి వదిలెయ్యదు కదా. ఈ నూనెలు చర్మం మీద, పంటి మీద, అంటే నేరుగా తగిలించగలిగే చోట ఎంతో కొంత పనికొచ్చి, లోపలి జబ్బులకి పనికిరాకపోవడానికి కారణం ఈ లెక్కే.

వాము విషయంలో ఇది వందేళ్ళ కిందటే తేలిపోయింది. వాము నుంచి తీసే తెల్లటి పలుకుల్ని మనం వాము పువ్వు అంటాం, కెమిస్ట్రీ వాళ్ళు థైమాల్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ముందు దాకా మన దేశపు వాము జర్మనీకి వెళ్ళి అక్కడ థైమాల్‌గా మారేది. 1909 నుంచి 1914 దాకా అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రాక్‌ఫెల్లర్ కమిషన్ కొంకి పురుగుల మీద యుద్ధం ప్రకటించినప్పుడు అంతమందికి మింగించిన మందు ఇదే. కాబట్టి కడుపులో పురుగులకి వాము అని మన అమ్మమ్మలు అన్నది ఊరికే కాదు. కాకపోతే ఆ మందు ఇచ్చేటప్పుడు నూనె, సారా ముట్టుకోవద్దని గట్టిగా హెచ్చరించేవాళ్ళు, వాటిలో థైమాల్ కరిగి రక్తంలోకి ఎక్కిందంటే పురుగు సంగతేమో గానీ మనిషి ప్రాణానికే ముప్పు. తర్వాత అంతకంటే భద్రమైన మందులు వచ్చాయి, ఇప్పుడు బళ్ళలో పిల్లలకి ఆల్బెండజోల్ బిళ్ళ ఇస్తున్నారు. థైమాల్ మాత్రం నోరు పుక్కిలించే సీసాల్లోకి చేరింది. లిస్టరిన్ పాత ఫార్ములాలో ఉండేవి థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్. నాలుగూ కలిపినా అర శాతం కూడా ఉండవు, అదీ పుక్కిలించి ఉమ్మెయ్యడానికి. ఇప్పుడు ఎవరో రీల్‌లో గ్లాసుడు నీళ్ళలో ఓరెగానో నూనె (దానిలో ఉండే కార్వాక్రాల్ మన థైమాల్‌కి తోబుట్టువే) చుక్కలు వేసుకుని తాగి ‘నేచురల్ యాంటీబయాటిక్’ అంటుంటే నాకు ఆ పాత హెచ్చరికే గుర్తొస్తుంది.

ఇక జలుబు. మా అల్మరాలో జిందా తిలిస్మాత్ సీసా లేని కాలం నాకు గుర్తులేదు. 1920లో హైదరాబాద్‌లో హకీమ్ మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన యునానీ మందు అది, సింహభాగం నీలగిరి తైలమే, తోడుగా కర్పూరం, పుదీనా పువ్వు (అంటే మెంథాల్), వాము పువ్వు. రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. ‘ఉన్నట్టు’ అని కావాలనే రాశా. పుదీనా పువ్వు ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే నరాల్ని తాకుతుంది, దాంతో గాలి బాగా ఆడుతున్నట్టు మెదడుకి అనిపిస్తుంది, కొలిచి చూస్తే లోపల వాపు అలాగే ఉంటుంది. నాకేమీ పేచీ లేదు, రాత్రి నిద్ర పడితే చాలు. ఆవిరి కూడా అంతే, కాసేపు హాయి. అందులో పసుపు వేస్తే గిన్నెకి మరక తప్ప ముక్కుకి ఒరిగేదేం లేదు, పసుపులో రంగు పదార్థం ఆవిరై పైకి లేవదు. నీలగిరి తైలం లేస్తుంది, ఒకటి రెండు చుక్కలు చాలు, కళ్ళు మూసుకోండి. చిన్నపిల్లల్ని మాత్రం దుప్పటి కప్పి మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టకండి, అది వాళ్ళ ఒళ్ళో ఒలికితే ఏమవుతుందో కాలిన గాయాల వార్డులో పనిచేసే ఏ నర్సునైనా అడగండి.

పెద్దమ్మ అడిగిన కర్పూరం సంగతి. కర్పూరం మింగితేనే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. చంటిపిల్లల కాలేయం దాన్ని త్వరగా విరగ్గొట్టలేదు, ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. జలుబుకి ఛాతీ మీద రాసే డబ్బాల మీద రెండేళ్ళ లోపు పిల్లలకి వద్దు అని ఉండేది అందుకే. అమెరికాలో షాపులో నేరుగా అమ్మే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని 1980ల్లోనే పెట్టారు. ఇంట్లో కాచిన నూనెకి శాతం ఎవరు చూస్తారు? ఒకరు గిన్నెడు నూనెలో ఒక బిళ్ళ వేస్తారు, ఇంకొకరు గుప్పెడు వేస్తారు, పైగా అది పూజకి కొన్న ముద్ద కర్పూరం. ‘మీ అందరికీ రాశాను, బానే పెరిగారుగా’ అంటుంది పెద్దమ్మ. పెరిగాం. సీటు బెల్టు లేకుండా తిరిగినవాళ్ళలో కూడా ఎక్కువమంది బానే ఉన్నారు పెద్దమ్మా. చంటాడికి ముక్కులో సెలైన్ చుక్కలు, తల్లిపాలు, తల కాస్త ఎత్తుగా ఎత్తుకోవడం, అంతే. సాంబ్రాణి పొగ కూడా వద్దు, పొగ ఏదైనా పసివాళ్ళ ఊపిరితిత్తులకి పొగే.

మరి జలుబు తెచ్చే వైరస్‌ని చంపని కషాయం ఎందుకు తాగడం అంటే, నా దృష్టిలో దానికి ఒక పెద్ద ఉపయోగం ఉంది, అది ఎవరూ చెప్పరు. రొంప పట్టిన రెండో రోజుకే మెడికల్ షాపు ముందు నిలబడి ‘అజిత్రో ఒక మూడివ్వు’ అనే అలవాటు మనకి బాగా ముదిరింది. అజిత్రోమైసిన్ అనే ఆ యాంటీబయాటిక్ జలుబు వైరస్ మీద పనిచెయ్యదు, కానీ పేగుల్లో ఉన్న బాక్టీరియాకి ఎదురు తిరగడం నేర్పుతుంది. ఆ తర్వాత ఎప్పుడో మూత్రంలో మంట అని వచ్చిన మనిషి శాంపిల్లో ఈ.కోలై (పేగుల్లో ఉండే బాక్టీరియానే) పెరుగుతుంది, ప్లేటు మీద వరసగా యాంటీబయాటిక్ బిళ్ళలు పెడతాం, పొద్దున చూస్తే ఒక్క బిళ్ళ చుట్టూ కూడా ఖాళీ ఉండదు. అంచు నుంచి అంచుదాకా పచ్చిక పరిచినట్టు బాక్టీరియా. అలాంటి రిపోర్టు మీద సంతకం పెట్టడం నాకు ఇష్టమైన పని కాదు. అల్లం, మిరియాలు, తులసి మరిగించి కాస్త బెల్లం వేసుకుని తాగుతూ, ఏదో చేస్తున్నాం అనే తృప్తితో, ఆ నాలుగు రోజులు మెడికల్ షాపు గడప తొక్కకుండా గడిపేస్తే అది చిన్న లాభం కాదు. దగ్గుకి తేనె ఇంకా మంచిది, బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2018లో మామూలు దగ్గుకి యాంటీబయాటిక్ కంటే ముందు తేనె చూడమనే చెప్పింది. ఏడాది నిండని పిల్లలకి మాత్రం తేనె నాకించకండి, బొట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. బారసాల నాడు అందరూ తలా కాస్త నాకిస్తామని వస్తారు, మొహమాటపడకుండా ఆపండి.

తామర గురించి కొంచెం ఎక్కువే రాయాలి. గజ్జల్లోనో నడుం చుట్టూనో గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా పొలుసులు రేగి, మధ్యలో మానినట్టు. మన పల్లెల్లో దీనికి సీమ అవిసె ఆకు నూరి రాసేవాళ్ళు, ఆ ఆకులో ఉండే క్రైసోఫానిక్ ఆమ్లం లాంటివి ఫంగస్‌ని నిజంగానే అణుస్తాయి, చిన్న మచ్చకి ఆకు పసరు పనిచేసే ఉంటుంది. ఇప్పుడొస్తున్న తామర అంత అమాయకమైంది కాదు. దురద అని షాపులో అడిగితే క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. రాయగానే రెండు రోజుల్లో ఎరుపు, దురద మాయం, ఎందుకంటే స్టెరాయిడ్ చర్మం పోరాటాన్ని జోకొట్టింది, కింద ఫంగస్ మాత్రం తాపీగా పాకుతోంది. ట్యూబు ఆపితే రెట్టింపై తిరిగొస్తుంది, మళ్ళీ అదే ట్యూబు. ఈ వాడకం ఇలా సాగుతుండగానే టెర్బినాఫిన్ లాంటి ఫంగస్ మందుకి కూడా చాలాసార్లు లొంగని ఫంగస్ మన దేశంలో విపరీతంగా వ్యాపించింది, 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు మోస్తూ ఇప్పుడది వేరే దేశాలకీ పాకింది. గర్వపడే విషయం కాదు.

దీనికి విసిగిపోయి మందులొద్దు, ప్రకృతి వైద్యం అని వెల్లుల్లి ముద్ద నూరి రాత్రంతా కట్టుకుంటారు కొందరు. పచ్చి వెల్లుల్లి చర్మాన్ని కాలుస్తుంది, నిప్పుతో కాలినట్టే బొబ్బలెక్కుతాయి, తామర పక్కన ఇప్పుడు పుండు కూడా. టీ ట్రీ నూనె గురించి అడుగుతుంటారు. ఆస్ట్రేలియా చెట్టు అది, దానిలో టెర్పినెన్-4-ఆల్ అసలు సరుకు. మొటిమల మీద 5 శాతం టీ ట్రీ జెల్‌ని బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందుతో పోల్చి 1990లో ఆస్ట్రేలియాలో చూశారు, రెండూ పనిచేశాయి, టీ ట్రీ నెమ్మదిగా, కానీ చర్మం తక్కువ మండింది. వానాకాలం కాలి వేళ్ళ సందుల్లో తెల్లగా నానినట్టయి దురద పెడితే కూడా పలుచన చేసి వాడి చూడొచ్చు, పాదాలు ఆరబెట్టుకుంటూ. నడుం చుట్టూ ఇంత మేర పాకిన తామరకి మాత్రం స్కిన్ డాక్టరే, వాళ్ళు చెప్పినన్ని వారాలు, మచ్చ కనపడకుండా పోయిన తర్వాత కూడా.

పసుపు గురించి మాట్లాడితే ఎవరో ఒకరు పేటెంట్ కేసు ఎత్తుతారు. 1995లో మిసిసిపీ యూనివర్సిటీకి పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికా పేటెంట్ ఇచ్చింది, మన సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ళు పోరాడి 1997లో రద్దు చేయించారు. గొప్ప గెలుపే. కానీ ఆ కేసులో తేలింది ‘ఇది కొత్త సంగతి కాదు, భారతీయులకి ఎప్పటినుంచో తెలుసు’ అని. ఎంత బాగా పనిచేస్తుందని అక్కడ ఎవరూ కొలవలేదు. కొలవాలంటే పక్కన పోల్చడానికి ఇంకొక గుంపు ఉండాలి. 1992లో తమిళనాడులో గజ్జి ఉన్న 814 మందికి వేపాకు, పసుపు నూరిన ముద్ద రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గిందని అచ్చయింది, నాకు చాలా ఇష్టమైన పేపరు అది, ఖర్చు దాదాపు లేని వైద్యం. అయినా దాంట్లో పర్మెత్రిన్ అనే గజ్జి మందు రాసిన గుంపు లేదు, ఉత్త పిండి రాసిన గుంపూ లేదు. వేప నూనె మాత్రం పిల్లలకి తాగించకండి, 1980ల మొదట్లో మలేషియాలో చంటిపిల్లలకి పట్టించి కాలేయం, మెదడు దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

అన్నిటికంటే నాకు భయం కామెర్ల పసరు. దానికి పేరుపడ్డ ఊళ్ళు ప్రతి జిల్లాలో ఉన్నాయి, ఆదివారం పొద్దున పరగడుపున వెళ్ళాలి, పత్యం చెయ్యాలి, డబ్బులు అడగరు, ఇచ్చింది తీసుకుంటారు. అందులో ఎక్కువగా ఉండేది నేల ఉసిరి. ఈ మొక్కని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు, 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్-బి వైరస్‌ని కనిపెట్టి నోబెల్ తెచ్చుకున్న బ్లంబర్గ్‌తో కలిసి, ఒంట్లో ఆ వైరస్ తిష్ఠ వేసినవాళ్ళకి ఇచ్చి చూసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆశ పుట్టించే ఫలితం ప్రకటించారు. తర్వాత వేరే చోట్ల చేసి చూస్తే అది నిలబడలేదు. మరి పసరుకి అంత పేరెలా వచ్చిందంటే, కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, పత్యం పేరుతో మందు కొట్టడం ఆపుతారు, విశ్రాంతి తీసుకుంటారు, పేరు మాత్రం ఆకుకి. ఆ వరసలో నిలబడ్డ పది మందిలో ఒకడికి హెపటైటిస్-బి ఉండొచ్చు, ఇంకొకడికి పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఉండొచ్చు, అందరి కళ్ళూ ఒకేలా పచ్చగా ఉంటాయి. పసరు తాగాలనుంటే మీ ఇష్టం గానీ దానికంటే ముందు రక్త పరీక్ష చేయించుకోండి. గర్భిణి అయితే పసరు ఊరు దారే పట్టొద్దు, నేరుగా ఆసుపత్రికి, హెపటైటిస్-ఇ రకం కామెర్లు వాళ్ళకి ప్రాణాంతకం కావచ్చు.

కంట్లో అయితే ఏదీ వెయ్యొద్దు. నందివర్ధనం పూలు చల్లగా మూసిన రెప్పల మీద పెట్టుకుంటే పెట్టుకోండి, పసరు, తేనె, నూనె లోపలికి వద్దు, కంటి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపే పోతుంది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన మందు కోసం జనం విరగబడినప్పుడు కూడా ప్రభుత్వం తినే మందులకి సరే అంది గానీ కంటి చుక్కలకి అప్పుడు అనుమతి ఇవ్వలేదు. చెవిపోటుకి వెల్లుల్లి కాచిన నూనె పోయడం కూడా ఇలాంటిదే, లోపల కర్ణభేరికి చిల్లు పడి ఉంటే అది మధ్య చెవిలోకి దిగుతుంది.

చివరిగా సీసాలు. ఆన్‌లైన్‌లో వంద రూపాయలకి రోజ్ ఎసెన్షియల్ ఆయిల్ అంటే అది సెంటు, ఇంకోటి కాదు. అసలైనదాని మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారో, బ్యాచ్ నంబరు ఉంటాయి, సీసా ముదురు రంగు గాజుతో ఉంటుంది. ఒక పెద్ద పేరున్న కంపెనీ సీసా మీద ‘100 శాతం స్వచ్ఛం, తాగవచ్చు’ అని చూసి రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. స్వచ్ఛమైనదైతే ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒంటికి రాసేది 2 శాతం చాలు, అంటే 30 మి.లీ. కొబ్బరి నూనెలో సుమారు 12 చుక్కలు, ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడండి. లవంగ నూనె దూదితో పంటి మీద అద్దండి, చిగుళ్ళ మీద కాదు, కాలుతుంది. నొప్పి ఆగింది కదా అని డెంటిస్టుని వాయిదా వేస్తే చీము దవడలోకి దిగుతుంది.

మూడు రోజులు దాటినా తగ్గని జ్వరం, ఆయాసం, మెడ బిగుసుకోవడం, మూత్రం తగ్గిపోవడం, పుండు చుట్టూ ఎరుపు గంటగంటకీ పాకడం, డెంగీలో జ్వరం తగ్గిన వెంటనే కడుపునొప్పి, వాంతులు మొదలవడం, వీటిలో ఏది కనపడినా బొప్పాయి ఆకు కోసం చెట్టెక్కకుండా ఆటో ఎక్కండి. షుగర్ ఉన్నవాళ్ళు కాలి పుండుకి ఆకులు కట్టి రోజులు లెక్కపెట్టుకోవద్దు.

నూనె సీసాలు, కర్పూరం పిల్లలకి అందనంత ఎత్తులో, మూత బిగించి పెట్టండి. నీలగిరి తైలం ఒక టీస్పూను మింగినా చిన్నపిల్లలకి మత్తు, ఫిట్స్ రావచ్చు, అదీ నిమిషాల్లో. మింగేశారని తెలిస్తే వాంతి చేయించకండి, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే ఇంకా ప్రమాదం, ఉప్పు నీళ్ళూ పాలూ పట్టకండి. 108కి ఫోన్ చెయ్యండి, సీసా కూడా వెంట పట్టుకెళ్ళండి. అక్కడ డాక్టరు మొదట అడిగేది ఏది తాగాడు, ఎంత తాగాడు, ఎప్పుడు తాగాడు అని.